“చిన్న మార్పే కదండీ” అన్న మెసేజ్ వస్తే ఏం చేయాలి

ఒక వస్తువు అనుకుందాం. విశాఖ ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి ఎగుమతయ్యే ఫ్రోజెన్ రొయ్యల డబ్బాల్లో పెట్టే టెంపరేచర్ లాగర్, అంటే దారిలో చల్లదనం ఎంతుందో ఎప్పటికప్పుడు నమోదు చేసే చిన్న పరికరం. కస్టమర్ “వాటర్‌ప్రూఫ్ ఉండాలండీ, బ్యాటరీ బాగా రావాలి” అంటాడు. అదే మాట మీ రిక్వైర్‌మెంట్ల షీట్‌లో (వస్తువు ఏం చేయాలో లైను లైనుగా రాసుకునే జాబితాలో) రాసుకున్నారంటే గొడవని కొని తెచ్చుకున్నట్టే, ఎందుకంటే ఆయన “బాగా” వేరు, మీ ఇంజినీర్ “బాగా” వేరు. ఐపీ67 అని రాయండి, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా లోపల పాడవకూడదు. బ్యాటరీకి “మైనస్ 18 డిగ్రీల్లో, పది నిమిషాలకో రీడింగ్ తీస్తూ, 60 రోజులు” అని రాయండి. పక్కనే మూడు కాలమ్‌లు పెట్టండి: ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, ఎలా టెస్ట్ చేస్తాం. మూడోది నింపలేకపోతున్నారంటే ఆ రిక్వైర్‌మెంట్ ఇంకా తేలలేదన్నమాట.

ప్రతి లైనుకీ నంబరు ఇవ్వండి, లైను తీసేసినా ఆ నంబరు ఇంకోదానికి వాడొద్దు. అందరూ ఒప్పుకున్నాక షీట్ లాక్ చేసి వెర్షన్ 1.0 అనండి.

ఇక అసలు సంగతి. రాత్రి పదింటికి వాట్సాప్‌లో “సిమ్ పెట్టి లైవ్‌లో చూపిస్తే బావుంటుంది, చిన్న మార్పే కదా” అని వస్తుంది. వెంటనే సరే అనొద్దు, కుదరదనీ అనొద్దు. “రాసి పెట్టానండీ, రెండ్రోజుల్లో చెప్తాను” అని, షీట్ ముందేసుకుని ఏ లైన్లు కదులుతాయో చూడండి. సిమ్ పెడితే మోడెమ్ కావాలి, అది డేటా పంపేటప్పుడు కరెంట్ గట్టిగా లాగుతుంది, చలికి బ్యాటరీ ఎలాగూ నీరసిస్తుంది, కాబట్టి 60 రోజులు రావు. పెద్ద బ్యాటరీ వేస్తే బాక్సు పెరుగుతుంది, దాన్ని పోతపోసే అచ్చు (మోల్డ్) మారుతుంది. సిమ్‌కి మూత పెడితే ఐపీ67 టెస్ట్ మళ్లీ మొదటి నుంచి. ఇంతా చేస్తే నడిసముద్రంలో టవరే ఉండదు!

అప్పుడు “ఎందుకు” కాలమ్ కోసం ఆయన్నే అడగండి. తీరా చూస్తే, దిగుమతి పోర్టులో డబ్బా విప్పకుండా చల్లదనం తప్పిందో లేదో తెలిస్తే చాలంటాడు. దానికి ఎర్ర లైటు ఒకటి సరిపోతుందేమో.

సరేనో కాదో తేల్చేవాళ్లు ముగ్గురు చాలు: కస్టమర్ తరఫున ఒకరు, ఇంజినీరింగ్ నుంచి ఒకరు, డబ్బు లెక్క చూసేవాళ్లు ఒకరు. పదిమందితో కమిటీ వేస్తే టీ ఖర్చు తప్ప తేలేది ఉండదు. వద్దన్నవి కూడా కారణంతో సహా రాసి ఉంచండి, ఆర్నెల్లకి అదే కోరిక ఇంకొకరి నోట వస్తుంది. విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు చేసేవాళ్లకి ఇది ఇష్టాయిష్టాల మీద నడిచే పని కాదు, వైద్య పరికరాల నాణ్యతకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 13485 ప్రకారం డిజైన్ మార్పుని అమలుకి ముందే సమీక్షించి, ఆమోదించి, రికార్డు ఉంచాలి.

మార్పు ఒప్పుకున్నారా, వెర్షన్ 1.1 చేసి టెస్ట్ కేసులూ అదే రోజు మార్చండి. గాజువాక ఆటోనగర్‌లో మీ బాక్సు చేసేవాళ్లుంటే కొత్త డ్రాయింగ్ మెయిల్ చేసి ఊరుకోకండి, ఫోన్ చేసి గోడకి అంటించిన పాతది తీయించండి.