ఫాయిల్ బోర్డు మీద మాస్ట్ ఎక్కడ బిగించాలి?

ఫాయిల్ బోర్డు అంటే కింద నిలువు కమ్మీ (మాస్ట్), దాని అడుగున రెక్క (వింగ్) ఉండి, వేగం అందుకోగానే నీటి పైకి లేచే సర్ఫ్ బోర్డు. నీళ్లలో మునిగి ఉండే ఆ భాగమంతా కలిపి ఫాయిల్. కొత్త వింగ్ తగిలించిన రోజే బోర్డు గుర్రంలా ముందు కాళ్లెత్తి మిమ్మల్ని వెనక్కి పడేసిందా? తప్పు మీ కాళ్లది కాకపోవచ్చు. వింగ్ మార్చారు కానీ మాస్ట్‌ను పాత చోటే వదిలేసి ఉంటారు.

లెక్క చిన్నదే. ఫాయిల్ పైకి నెట్టే బలమంతా ఒక చోట పోగైనట్టు పనిచేస్తుంది. ఆ చోటు మీ రెండు పాదాల మధ్య, బరువు పడే చోటికి సరిగ్గా కింద ఉండాలి. మాస్ట్ ముందుకు జరిపితే ముక్కు త్వరగా లేస్తుంది, దాన్ని అణచడానికి ముందు కాలితో గట్టిగా తొక్కాలి. వెనక్కి జరిపితే వెనక కాలి మీద బరువేస్తే తప్ప బోర్డు లేవదు.

ముందు గుర్తు పెట్టుకోండి

బోర్డును బోర్లించి మెత్తటి చోట పెట్టండి. ట్రాకుల్లో (మాస్ట్ బోల్టులు జరిగే గాడుల్లో) ఇసుక పడకుండా చూసుకోండి, లేకపోతే నట్లు జరగవు. ఇప్పుడు మాస్ట్ ప్లేటు అంచు ఎక్కడుందో టేపు ముక్క అంటించి తేదీ, వింగ్ సైజు రాయండి. "గుర్తుంటుందిలే" అనుకున్నవాళ్లెవరికీ గుర్తుండదు.

వింగ్ మారినప్పుడు

వింగ్ ముందంచు నుంచి వెనకంచు వరకు ఉన్న వెడల్పులో, ముందంచు నుంచి పావు వంతు వెనక్కి కొలిచిన చోటును లిఫ్ట్ కేంద్రంగా, అంటే పైకి నెట్టే బలం పోగయ్యే చోటుగా అనుకోవచ్చు. అక్కడి నుంచి మాస్ట్ వరకు ఉన్న దూరాన్ని పాత వింగ్‌కీ కొత్త వింగ్‌కీ కొలవండి. కొత్త దాంట్లో ఆ దూరం 15 మి.మీ. ఎక్కువ ఉంటే మాస్ట్‌ను 15 మి.మీ. వెనక్కి జరపండి. ఫ్యూజలాజ్ (మాస్ట్ అడుగున ముందు, వెనక రెక్కలను కలిపే కడ్డీ) మార్చినప్పుడూ ఇదే కొలత పనికొస్తుంది.

ఆ తర్వాత సైజు చూడండి. పెద్ద వింగ్ తక్కువ వేగంలోనే లేస్తుంది, వేగం అందుకున్నాక ముక్కును తొక్కిపట్టడం కష్టమవుతుంది. అందుకే మరో 5 నుంచి 10 మి.మీ. వెనక్కి. చిన్న వింగ్‌కు అంతే ముందుకు. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. అసలు తీర్పు నీళ్లలోనే.

నీళ్లలో పరీక్ష

బోల్టు ముట్టుకోకముందు పాదాలను జరిపి చూడండి. పాదాలు ముందుకు జరిపితే హాయిగా ఉందంటే మాస్ట్‌ను వెనక్కి జరపాలి. వెనక్కి జరిపితే బాగుందంటే మాస్ట్ ముందుకు. పాదాలు కోరిన దిక్కుకు మాస్ట్ ఎదురు దిక్కు, అంతే. పాదాలను పట్టి ఉంచే స్ట్రాపులు బిగించినవాళ్లకు ఈ వెసులుబాటు లేదు కాబట్టి వాళ్లు మాస్ట్‌నే కదపాలి. ఒక్కసారికి 5 మి.మీ. చాలు. ఒకేసారి మూడు సెంటీమీటర్లు జరిపితే ఏది పనిచేసిందో తెలియదు.

అలలను బట్టి

చిన్న, బలహీనమైన అలల్లో మాస్ట్ కాస్త ముందుకుంటే బోర్డు తేలిగ్గా లేస్తుంది. నిటారుగా, వేగంగా వచ్చే అలల్లో మాత్రం వెనక్కి జరపండి. వేగం రెట్టింపైతే, అదే కోణంలో లిఫ్ట్ నాలుగింతలవుతుంది. ముక్కు కొంచెం ఎక్కువ లేచినా వింగ్ నీళ్లలోంచి బయటపడి మీరు దానిమీదే పడొచ్చు. వింగ్ అంచులు కోసేస్తాయి, హెల్మెట్ మర్చిపోవద్దు. నేర్చుకుంటున్నవాళ్లు ఏ అలల్లోనైనా ఒకింత వెనక్కే పెట్టుకోవడం నయం.

చాలామంది పొరపడే చోటు ఒకటుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు అంతా బాగుండి, వేగం పెరిగేకొద్దీ ముందు కాలి మీద ఒత్తిడి పెరుగుతూ పోతుంటే మాస్ట్‌ను ఎంత జరిపినా ప్రయోజనం తక్కువ. అది వెనకున్న చిన్న రెక్క, అంటే స్టెబిలైజర్ కోణం సంగతి. దాని కింద పెట్టే పల్చటి బిళ్ల (షిమ్) మార్చి, ఆ కోణాన్ని కొంచెం తగ్గించి చూడండి. మాస్ట్, షిమ్ రెండూ ఒకే రోజు మార్చకండి.

బిగించేటప్పుడు

నాలుగు బోల్టులనూ పూర్తిగా ఊడదీయక్కర్లేదు, వదులు చేస్తే ప్లేటు జరుగుతుంది. రెండు వైపులా సమానంగా జరిగిందో లేదో స్కేలుతో చూడండి. వంకరగా ఉంటే బోర్డు ఒక పక్కకే లాగుతుంది. ఆ పైన ఒక మూల, దాని ఎదురు మూల చొప్పున కొంచెం కొంచెంగా బిగించండి. బలమంతా వాడితే ట్రాకు దెబ్బతింటుంది. ఉప్పునీటిలో అల్యూమినియం, స్టీలు కలిసి తుప్పు పట్టి అతుక్కుపోతాయి కాబట్టి మరలకు యాంటీ సీజ్ గ్రీజు రాయండి, ప్రతిసారీ మంచినీళ్లతో కడగండి. మొదటి పది నిమిషాలు నడిపాక ఒడ్డుకొచ్చి బోల్టులను మళ్లీ ఒకసారి తాకి చూడండి. ఒకటైనా వదులై ఉండొచ్చు.