వాహనంలో తయారీ లోపం: బాధ్యత ఎవరిది, యజమాని చేయవలసినది ఏమిటి

తయారీలోనే లోపం ఉన్న వాహనాన్ని బాగుచేసే ఖర్చు కొన్నవారిది కాదు, తయారీ సంస్థదే. అయితే రీకాల్ (లోపమున్న వాహనాలను సరిచేయడానికి వెనక్కి పిలవడం) కబురు సంస్థ దగ్గర నమోదైన యజమానికే వెళుతుంది. విశాఖపట్నంలో కొన్న కారు చేతులు మారి పాలకొండకో ఇచ్ఛాపురానికో చేరితే, ఆ ఉత్తరం ఇప్పుడు నడుపుతున్నవారికి అందకపోవచ్చు. అందుకే శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో పాత కారు కొన్నవారు రీకాల్ ఉందో లేదో తామే చూసుకోవాలి.

ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరును తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో గాని, అధీకృత సర్వీస్ సెంటర్‌లో గాని ఇచ్చి అడగండి. ఆ నంబరులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు కనుక, సున్నాలా కనిపించినది సున్నాయే. రీకాల్ పనికి డబ్బు అడిగితే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి.

తీరప్రాంతం వారు జపాన్ సంస్థ తకాటా తయారుచేసిన ఎయిర్ బ్యాగుల సంగతి తప్పక తెలుసుకోవాలి. వాటి ఇన్‌ఫ్లేటర్లలోని (బ్యాగును వాయువుతో నింపే పరికరాల్లోని) అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం ఏళ్ల తరబడి వేడికీ తేమకీ చెడిపోయి, ఎయిర్ బ్యాగు విచ్చుకునే క్షణంలో మితిమీరిన ఒత్తిడితో పేలి, లోహపు తునకలను మనుషుల మీదికి విసిరింది. అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను రీకాల్ చేశారు. మన దేశంలోనూ హోండా కార్లలో వీటిని మార్చారు. కళింగపట్నం, భావనపాడు వంటి చోట్ల ఉప్పుగాలిలో, ఉక్కపోతలో ఏళ్లుగా ఉన్న కారుకు ఈ రీకాల్ మిగిలి ఉంటే ఒక్క వారం కూడా వాయిదా వేయవద్దు.

రీకాల్ ప్రకటించని లోపమైతే, మీ ఫిర్యాదును సర్వీస్ సెంటర్ రాసుకునే జాబ్ కార్డే మీకు ఆధారం. అందులో ‘జనరల్ చెకప్’ అని రాసి ఊరుకుంటే ఒప్పుకోకుండా, ‘60 వేగంలో బ్రేక్ నొక్కితే స్టీరింగ్ ఎడమకు లాగుతోంది’ అన్నంత స్పష్టంగా రాయించి, నకలు దాచుకోండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 110ఏ సెక్షన్ కింద, ప్రమాదకరమైన లోపం ఉన్న వాహనాలను వెనక్కి పిలవాలని కేంద్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. యజమానుల ఫిర్యాదులు అందుకు ఒక ఆధారం కనుక, మీ ఒక్కరి ఫిర్యాదూ వృథా కాదు.

లోపం వల్ల గాయమో నష్టమో జరిగితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం తయారీ లోపానికి తయారీదారు బాధ్యత వహించాలి. వాహనంలో మార్పులు చేసి అమ్మిన విక్రేత, లోపభూయిష్టంగా సర్వీసు చేసినవారు తమ వంతు బాధ్యత తప్పించుకోలేరు. మీరే వైరింగ్ కోయించి అదనపు లైట్లు బిగించుకొని ఉంటే మాత్రం, దాన్నే సాకుగా చూపి మీ దావాను తోసిపుచ్చే వీలుంది.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఫలితం లేకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న నగరానికి తిరగనక్కరలేదు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు లేదు. వ్యాజ్యకారణం (ఫిర్యాదుకు దారితీసిన విషయం) ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్లలోగా, జాబ్ కార్డులు, బిల్లులు, ఆర్‌సీ నకళ్లు జతచేసి దాఖలు చేయాలి.