చంటిబిడ్డతో లిస్బన్ – మూడవ పాఠం: వీధి పేరులో వాలును చదవడం

మొదటి రెండు పాఠాలలో సామాను ఎంతవరకు తగ్గించుకోవచ్చో, విమానాశ్రయం నుండి మెట్రో ఎర్ర లైనులో బసకు చేరడం ఎలాగో తెలుసుకున్నాము. అసలు నడక ఈ పాఠంతో మొదలవుతుంది. బిడ్డకు ఆరు నెలలు నిండి, మెడ గట్టిగా నిలిచి, ఆసరా లేకుండా కూర్చోగలుగుతున్నదని అనుకుని ఈ పాఠం రాస్తున్నాను. అంతకంటే చిన్న బిడ్డ అయితే ఇందులోని దూరాలను సగానికి తగ్గించుకోవడం మంచిది.

లిస్బన్‌ను ఏడు కొండల నగరమని అంటారు. కొండలు ఎన్ని ఉన్నాయన్నది మనకు ముఖ్యం కాదు. ఒక కొండ మీది నుండి ఇంకో కొండ మీదికి పోవాలంటే ప్రతిసారీ లోయలోకి దిగి మళ్లీ ఎక్కవలసి ఉంటుందన్నది ముఖ్యం. రోసియు కూడలి దగ్గర నిలబడి ఫోనులో సావ్ జోర్జ్ కోటకు దారి అడిగితే కిలోమీటరుకు అటూ ఇటూగా చూపిస్తుంది. ఆ లెక్క చేతులూపుకుంటూ నడిచే ఒంటరి మనిషికి సరిపోతుంది. తొమ్మిది కిలోల బిడ్డను గుండెకు కట్టుకుని, డైపర్ల సంచి భుజాన వేసుకుని, మడిచిన స్ట్రోలర్‌ను చేత పట్టుకుని మెట్లెక్కే తల్లికో తండ్రికో ఆ కిలోమీటరు ఒక పూట పని అవుతుంది. అందుచేత ఈ నగరంలో దూరాన్ని కొలిచే అలవాటు మాని ఎత్తును కొలిచే అలవాటు చేసుకోవాలి. అందుకు కొలత పరికరమేదీ అక్కరలేదు, వీధి పేర్లే చాలు.

మన ఊళ్లలో ఈ విద్య మనకు పుట్టుకతోనే వస్తుంది. ఒంటిమిట్ట అన్నప్పుడు మిట్టను, యాదగిరిగుట్ట అన్నప్పుడు గుట్టను ఎవరూ ప్రత్యేకంగా గుర్తుచేయనక్కరలేదు. పోర్చుగీసు పేర్లు కూడా అంతే నిజాయితీగా నేల స్వభావాన్ని చెబుతాయి. పైగా వీధి ఎలాంటిదో చెప్పే మాట పేరుకు ముందే వస్తుంది గనుక, మ్యాపులో మొదటి మాట చదివితే చాలు.

‘అవెనీద’ అంటే పెద్ద రహదారి. ఈ నగరపు పాత భాగంలోని పెద్ద అవెనీదలు లోయల వెంబడి సాగుతాయి గనుక అక్కడ స్ట్రోలర్ నిశ్చింతగా నడుస్తుంది. ఎక్కుడు ఉన్నా మెల్లగా ఉంటుంది. అవెనీద ద లిబెర్దాద్, అవెనీద ఆల్మిరాంత్ రైష్ రెండూ అలాంటివే. ‘లార్గు’ అంటే చిన్న ఖాళీ స్థలం, ఇళ్ల నడుమ ఊపిరి తీసుకునే చోటు. ఆగి బిడ్డకు పాలు పట్టాలంటే దగ్గరలో లార్గు ఎక్కడుందో చూడాలి. ‘బేకు’ అంటే సందు, చాలాసార్లు అవతలికి దారి లేనిది, కనుక స్ట్రోలర్‌తో అందులోకి దూరకపోవడమే మేలు. ‘త్రవేస’ రెండు వీధులను కలిపే అడ్డదారి, బాగుండవచ్చు, బాగుండకపోవచ్చు. ‘ఇష్కదీన్యష్’ అంటే మెట్ల వరుస. ఈ మాట కనిపించిన క్షణంలోనే ఆ దారి చక్రాలకు మూసుకుపోయిందని నిర్ణయించుకోండి. కోట వైపు దారి చూపేటప్పుడు ఫోను మిమ్మల్ని ఇష్కదీన్యష్ ద సావ్ క్రిష్తోవావ్ మీదుగా పంపవచ్చు. ఫాదు అనే పోర్చుగీసు సంప్రదాయ పాటను పాడేవారి బొమ్మలు గోడ మీద ఉన్న ఎంతో అందమైన మెట్ల దారి అది, కానీ బిడ్డ ఒంటి మీద ఉన్నప్పుడే చూడవలసినది.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవవలసిన మాట ‘కల్సాద’. రాళ్లు పరిచిన దారి అని దీని అర్థం. నల్ల బసాల్టు, తెల్ల సున్నపురాయి చిన్న ముక్కలను చేత్తో పేర్చి చేసే కాలిబాటను కూడా ఇదే మాటతో పిలుస్తారు. కానీ వీధి పేరుకు ముందు వచ్చినప్పుడు మాత్రం ఆ వీధి సాధారణంగా నిటారుగా ఉంటుందని లెక్క. ఎంత నిటారు అంటే, 1884లో లావ్ర వాలు మీద, 1885లో గ్లోరియ వాలు మీద కేబులుతో లాగే కొండ ట్రాములు వేయవలసి వచ్చింది, ఆ రెండు వీధులూ కల్సాదలే. ఇంకా జాగ్రత్త చెప్పేది కల్సాద దు దూక్. రోసియు రైలు స్టేషను పక్క నుండి పై కొండకు పోయే ఈ వీధి పేరులో మెట్ల మాట లేదు, కాని వీధి అంతా మెట్లే. ‘రువా’, అంటే వీధి, అన్న మామూలు మాట ఏ హామీనీ ఇవ్వదు. 1892లో బీక కొండ ట్రాము వేసిన వీధి పేరులో ఉన్నది రువాయే, దాని వాలు ఏ కల్సాదకూ తీసిపోదు. కనుక రువా ఎదురైతే దాని రెండు కొసలూ ఏ పేటలో ఉన్నాయో చూడండి. ఒక కొస ‘బైష’లో, అంటే పల్లంలో ఉండి, రెండవది ‘ఆల్తు’, అంటే మిట్ట, వైపు ఉంటే మధ్యలో ఏముందో ఊహించడం కష్టం కాదు.

పల్లంలోని ఆ బైష పేట చదునుగా, గీత గీసినట్టు ఎందుకున్నదో తెలిస్తే మ్యాపు మరింత బాగా అర్థమవుతుంది. 1755 నవంబరు 1న, సర్వ పునీతుల పండుగ రోజున, భూకంపం, దాని వెంట సముద్రపు అలలు, ఆ వెంట మంటలు ఈ నగరం నడిబొడ్డును తుడిచిపెట్టాయి. ఆ తరువాత మంత్రి పొంబాల్ నాయకత్వంలో బైషను నిలువు, అడ్డం వీధులతో కొత్తగా కట్టారు. బంగారు పనివారు, వెండి పనివారు, చెప్పులు కుట్టేవారు, బట్టల వర్తకులు, ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క వీధి పేరు పెట్టారు. తూర్పున ఉన్న అల్ఫామ పేట వీధులు మాత్రం చాలావరకు పాత పద్ధతిలోనే మిగిలాయి. పసిబిడ్డ ఉన్నవారికి ఇది కేవలం చరిత్ర కాదు. భూకంపం తరువాత కట్టిన భాగం చక్రాలది, అంతకు ముందు నుండి నిలిచిన భాగం బిడ్డను ఒంటికి కట్టుకునే క్యారియర్‌ది. రోజు ఏ భాగంలో గడుస్తుందో ముందుగా నిర్ణయించుకుంటే, స్ట్రోలర్ తీసుకుపోవాలా, బసలో వదలాలా అన్న తర్జనభర్జన ఉండదు.

ఇప్పుడు ఎక్కడం గురించి. ఎక్కేటప్పుడు యంత్రం, దిగేటప్పుడు కాళ్లు. రోజుకు ఒక్క కొండ. ఈ నియమాన్ని మేము మూడవ రోజుకు గానీ నేర్చుకోలేదు. కోట కొండకు లిఫ్టులు ఉన్నాయి. బైషలోని రువా దుష్ ఫంకైరుష్‌లో, బట్టల వర్తకుల వీధి అన్నమాట, మామూలు ఇంటి గుమ్మంలా కనిపించే తలుపు లోపల మొదటి లిఫ్టు ఉంటుంది. అది మిమ్మల్ని పై వరుసలోని రువా ద మదలేనకు చేరుస్తుంది. వీధి దాటి, కొద్దిగా ఎక్కితే షావ్ దు లోరైరు అనే చోట ఒక సూపర్ మార్కెట్టూ కార్ల పార్కింగూ ఉన్న భవనం వస్తుంది. ‘షావ్’ అంటే నేల, అడుగు భాగం. పేరు ఇక్కడ కూడా మోసం చేయలేదు. ఆ భవనంలోని రెండవ లిఫ్టు ఎక్కితే కోష్త దు కష్తేలు, అంటే కోట వాలు, మీద బయటపడతారు. రెంటికీ టిక్కెట్టు లేదు. ఈ లిఫ్టులు యాత్రికుల కోసం పెట్టిన వింత కాదు, కొండ మీద కాపురమున్నవారు కూరగాయల సంచులతో రోజూ ఎక్కేవి. అందుకే వాటి మీద నాకు నమ్మకం, ఇష్టం కూడా. లిఫ్టు వద్దనుకుంటే ప్రాస ద ఫిగైర కూడలి నుండి కోట దాకా పోయే 737 నంబరు బస్సు ఉన్నది. అది చిన్న బస్సు గనుక స్ట్రోలర్‌ను మడవవలసి రావచ్చు.

పడమటి కొండ అయిన షియాదుకు ఎక్కాలంటే చాలామంది 1902 నాటి సాంత జుష్త లిఫ్టు దగ్గర వరుసలో నిలబడుతూ వచ్చారు. 45 మీటర్ల ఆ ఇనుప గోపురం చూడదగినదే, కానీ ఆకలి వేసిన బిడ్డతో ఆ వరుసలో నిలబడమని నేను ఎవరికీ చెప్పను. కొద్ది దూరంలోనే, 1988 ఆగస్టు 25 నాటి అగ్నిప్రమాదంలో కాలిపోయి, ఆల్వరు సీజ అనే వాస్తుశిల్పి ప్రణాళికతో మళ్లీ లేచిన పాత దుకాణ భవనం ఇప్పుడు అర్మజేంష్ దు షియాదు అనే షాపింగ్ మాల్‌గా ఉన్నది. కింద రువా దు క్రుసిఫీషు వైపు గుమ్మంలో ప్రవేశించి, లోపలి లిఫ్టులో పైకి పోయి, పై గుమ్మంలో బయటికి వస్తే కొండ ఎక్కేసినట్టే. దగ్గరలోని మెట్రో స్టేషనులో పొడవైన ఎస్కలేటర్లు కూడా ఉన్నాయి, కానీ బిడ్డ కూర్చున్న స్ట్రోలర్‌ను ఎస్కలేటరు మీద ఎప్పుడూ పెట్టకండి.

కొండ ట్రాముల గురించి ఒక మాట చెప్పక తప్పదు. 2025 సెప్టెంబరు 3న గ్లోరియ వాలు మీద రెండు బండ్లను కలిపే కేబులు విడిపోయి, ఒక బండి కిందికి దూసుకుపోయి 16 మంది చనిపోయారు. ఆ తరువాత తనిఖీల కోసం మిగిలిన కొండ ట్రాములను కూడా ఆపివేశారు. మీరు వెళ్లే నాటికి ఏవి నడుస్తున్నాయో అక్కడే అడిగి తెలుసుకోండి. ఈ పాఠం మాత్రం వాటి మీద ఆధారపడదు.

ఎక్కడం మనల్ని అలసిపోయేలా చేస్తుంది, దిగడం పడిపోయేలా చేస్తుంది. బిడ్డను ముందు కట్టుకున్నప్పుడు మన పాదాలు మనకు కనిపించవు. ఎక్కేటప్పుడు ఇది పెద్ద ఇబ్బంది కాదు గాని, దిగేటప్పుడు ప్రతి అడుగూ ఊహ మీద వేయవలసి వస్తుంది. పేర్చిన రాళ్లు తరాల పాదాల కింద అరిగి నున్నబడ్డాయి. చినుకు పడితే తెల్లరాయి మీద సబ్బు పూసినట్టే ఉంటుంది. కనుక దిగేటప్పుడు బిడ్డను వీపుకు మార్చండి, లేదా తోడున్నవారిని రెండు అడుగుల ముందు నడవమనండి. అడుగు చిన్నదిగా వేసి, గోడ వైపు నడవండి. బిడ్డ ముందు ఉన్నా వెనుక ఉన్నా గడ్డం ఛాతీకి ఆనకుండా, మోకాళ్లు పిరుదుల కంటే కొద్దిగా పైకి ఉండేలా, ముఖం మీకో మీ తోడుకో కనిపించేలా ఉండాలి. ఈ మూడింటినీ ప్రతి లార్గు దగ్గర ఆగి చూసుకోండి. స్ట్రోలర్‌తో వాలు దిగవలసి వస్తే మణికట్టు పట్టీ తప్పకుండా తగిలించుకోండి.

కోట దగ్గర నుండి దిగడానికి నాకు నచ్చిన దారి పోర్తష్ దు సోల్, సాంత లుజీయ వ్యూపాయింట్ల మీదుగా ప్రధాన చర్చికి పోయేది. సాంత లుజీయ చర్చి బయటి గోడ మీద నీలం పలకల చిత్రాలలో, భూకంపానికి ముందటి నదీతీరపు కూడలి కనిపిస్తుంది. బిడ్డ పందిరి నీడలో నిద్రపోతూ ఉంటే, కింద ఇప్పటి తేజు నదినీ పక్కన గోడ మీది అప్పటి నగరాన్నీ తీరికగా పోల్చి చూడవచ్చు. అక్కడి నుండి కిందికి 28 నంబరు ట్రాము పట్టాలు మీకు తోడు వస్తాయి, ప్రమాదమూ అక్కడే ఉంది. కాలిబాట కొన్నిచోట్ల స్ట్రోలర్ వెడల్పు కూడా ఉండదు గనుక రోడ్డు మీదికి దిగవలసి వస్తుంది. అలా దిగినప్పుడు మా స్ట్రోలర్ ముందు చక్రం పట్టా గాడిలో దిగబడింది. చక్రం గాడిలోకి సరిగ్గా కొలిచినట్టు పోయింది. తోస్తే ముందుకు జారుతున్నది గాని పక్కకు రావడం లేదు. వెనుక వంపులో ట్రాము గంట వినిపించింది. నా భార్య బెల్టు విప్పి పాపను ఎత్తుకున్నది, నేను పిడిని కిందికి నొక్కి ముందు చక్రాలను గాలిలోకి లేపి బండిని బయటికి లాగాను. డ్రైవరు దూరం నుండే చూసి ఆపి, మేము గోడకు ఆనుకునే దాకా కదలలేదు. ఆ రోజు నుండి పట్టాలను దాటవలసి వస్తే అడ్డంగా, తిన్నగా, ముందు చక్రాలను లేపి దాటుతున్నాము. పట్టా వెంబడి మాత్రం ఎప్పుడూ తోయము. అలాంటి వేళ ముందు బిడ్డను తీయాలి, బండి తరువాతి సంగతి.

వరుసల విషయంలో పోర్చుగల్ చట్టం మీ పక్షాన ఉన్నదని తెలుసుకోండి. 2016లో వచ్చిన చట్టం ప్రకారం రెండేళ్ల లోపు బిడ్డతో వచ్చినవారికి, గర్భిణులకు, వృద్ధులకు, వికలాంగులకు ప్రజలకు సేవలందించే చోట ముందుగా పని జరిపించాలి. అలాంటి బిడ్డను ‘క్రియాన్స ద కోలు’ అంటారు, ఒడిలోని బిడ్డ అని అర్థం. మనం చంటిబిడ్డ, చంకబిడ్డ అన్నట్టే. మనవాళ్లు మొహమాటపడి వరుస చివర నిలబడతారు. అక్కరలేదు, నలుగురిలో బిడ్డను చూపిస్తే చాలు, చాలాచోట్ల ముందున్నవారే పిలిచి పంపుతారు.

అభ్యాసం: మ్యాపు తెరిచి, ఫోను చూపే దారిని పట్టించుకోకుండా, రోసియు నుండి ఇష్త్రేల తోట దాకా ఒక దారి రాయండి. తోట లోపల పిల్లల ఆటస్థలం, ఇనుప సంగీత మంటపం ఉన్నాయి. ఎదురుగా తెల్ల గుమ్మటపు చర్చి ఉన్నది. దారిలో వచ్చే ప్రతి వీధి మొదటి మాటను ఒక కాగితం మీద వరుసగా రాసి, ఇష్కదీన్యష్ పక్కన అడ్డగీత, కల్సాద పక్కన ప్రశ్నార్థకం, లార్గు పక్కన చుక్క పెట్టండి. రెండు చుక్కల మధ్య రెండు కంటే ఎక్కువ ప్రశ్నార్థకాలు వస్తే ఆ దారి వదిలి మరొకటి వెతకండి. కల్సాద దు కోంబ్రు మీ కాగితంలో కనిపిస్తే అక్కడ నడవకండి, ట్రాము ఎక్కండి. 28 నంబరు పాత ట్రాము మెట్లు ఎత్తుగా ఉంటాయి, స్ట్రోలర్ మడవాలి, జనం కూడా ఎక్కువ. పొద్దున్నే ఎక్కితే కొంత నయం.

నాలుగవ పాఠంలో బిడ్డ భోజనం చూద్దాము: కూరగాయల సూపులో ఉప్పు సంగతి, తెల్లన్నం ఎలా అడగాలి, భోజనశాలలు రాత్రి ఆలస్యంగా తెరిచే ఊరిలో ఏడింటికి నిద్రపోయే బిడ్డ వేళలను ఎలా కాపాడుకోవాలి. అంతవరకు రాసిన కాగితాన్ని దగ్గర ఉంచుకోండి; ఆ పాఠంలో భోజనానికి ఆగే చోట్లను అందులోని చుక్కల దగ్గరే నిర్ణయిస్తాము.