రైఫిల్ తూటాలు ఇంట్లో నింపుకోవాలా, ఫ్యాక్టరీవి కొనుక్కోవాలా?

రైఫిల్ తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమరు, లోపల మండే మందు అయిన పౌడరు, మూతి దగ్గర బుల్లెట్. కాల్చిన తరువాత మళ్లీ పనికొచ్చేది కేసు ఒక్కటే. ఖరీదైన ఆ భాగాన్ని మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు బిగించి, పౌడరు పోసి, బుల్లెట్ కూర్చుకోవడాన్నే రీలోడింగ్ అంటారు. అమెరికాలో రేంజికి (కాల్పుల సాధన స్థలానికి) వెళ్లే అలవాటున్న వారికి ఏదో ఒకనాడు ఈ ఆలోచన రాక తప్పదు. డబ్బు ఆదా అవుతుందన్న మాట విని చాలామంది సామగ్రి కొంటారు గానీ, ఆ మాట ఏ తూటాకు, ఎన్ని తూటాలకు నిజమో ముందుగా లెక్క వేసుకునేవారు తక్కువ.

అన్నిటికంటే ముందు చట్టం సంగతి చూసుకోవాలి. భారతదేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం కనుక అక్కడ ఈ ప్రశ్నకే తావు లేదు. అమెరికాలో సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు. అమ్మకానికి, వ్యాపారంగా చేయాలంటే మాత్రం కావాలి. అయితే హెచ్1బి, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు వర్తిస్తే తప్ప, తుపాకీనే కాదు, తూటాలను కూడా దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. రాష్ట్రాల నిబంధనలు వేరువేరుగా ఉంటాయి. అద్దె ఇంట్లో ఉంటే లీజు ఒప్పందాన్ని కూడా ఒకసారి చదువుకోవాలి.

ఇక లెక్క. లక్ష్యసాధనలో ఎక్కువగా వాడే .308 వించెస్టర్ అన్న రకం తూటాను తీసుకుందాం. పౌండు పౌడరు అంటే 7,000 గ్రెయిన్లు. ఒక్కో తూటాకు సుమారు 43 గ్రెయిన్లు పడుతుందనుకుంటే (ఇది ఖర్చు లెక్క కోసం చెప్పిన అంకె మాత్రమే, నింపవలసిన కొలత కాదు) పౌండుకు 160 తూటాల దాకా వస్తాయి. డబ్బా 50 డాలర్లయితే పౌడరు ఖర్చు తూటాకు 31 సెంట్లు. ప్రైమరుకు 8 నుంచి 10 సెంట్లు, పోటీలకు వాడే మంచి మ్యాచ్ బుల్లెట్‌కు 50 సెంట్లు వేసుకోండి. డాలరు పెట్టి కొన్న కేసును ఎనిమిది, పదిసార్లు వాడితే దాని వంతుకు మరో 10 లేదా 12 సెంట్లు పడతాయి. మొత్తం డాలరుకు కాస్త అటూ ఇటూ తేలుతుంది. అదే నాణ్యతగల ఫ్యాక్టరీ మ్యాచ్ తూటా డాలరు 80 సెంట్లకు దొరుకుతుందనుకుంటే మిగిలేది 80 సెంట్లు. ప్రెస్సు (తూటాను నొక్కి కూర్చే యంత్రం), డైలు (అందులో బిగించే అచ్చులు), త్రాసు, కొలత చూసే క్యాలిపర్, కేసు మూతిని కత్తిరించే ట్రిమ్మరు, ఇత్తడి శుభ్రం చేసే టంబ్లరు కలిపి 600 డాలర్లు పెట్టారంటే, దాదాపు 750 తూటాలు నింపేసరికి పెట్టుబడి తిరిగి వస్తుంది.

ఇదే లెక్కను .223 రెమింగ్టన్ సాధన తూటాలకు వేసి చూడండి. ఫ్యాక్టరీ ధర 50 సెంట్లు, ఇంట్లో నింపితే 37 సెంట్లు అనుకుంటే మిగులు 13 సెంట్లే. పెట్టుబడి రావడానికి నాలుగు వేల ఆరువందలకు పైగా తూటాలు కావాలి, అదీ మీరు వెచ్చించే సాయంత్రాలకు విలువ కట్టకుండా. ధరలు మారుతూనే ఉంటాయి కనుక నా అంకెలను పక్కన పెట్టి మీ ఊరి దుకాణం ధరలు వేసుకోండి. ప్రైమర్లు, పౌడరు ఆన్‌లైన్లో తెప్పిస్తే ప్రమాదకర వస్తువుల రవాణా రుసుము అదనంగా పడుతుందని మరవవద్దు. చిన్న ఆర్డరుకు ఆ రుసుము ఒక్కటే ఆదాను మింగేస్తుంది. .300 వించెస్టర్ మాగ్నమ్ వంటి పెద్ద తూటాలకూ, దుకాణాలలో అరుదుగా దొరికే పాతకాలపు తూటాలకూ రీలోడింగ్ గట్టిగా గిట్టుతుంది. ఏటా జింకల వేటకు ఒకటి రెండు పెట్టెలు మాత్రమే కాల్చేవారు కొనుక్కోవడమే మేలు. కొరత వచ్చినప్పుడు పనికొస్తుందన్న వాదన సగమే నిజం: 2020లో మొదలైన కొరతలో తూటాలతో పాటు ప్రైమర్లు కూడా దొరకలేదు. నిల్వ ఉన్నవారే గట్టెక్కారు.

గురి విషయానికి వస్తే, ఫ్యాక్టరీ తూటా ఆ క్యాలిబరులో సరిగా తయారైన ఏ రైఫిల్లోనైనా పట్టేలా ఉండాలి. ఇంట్లో నింపేది మీ ఒక్క రైఫిల్‌కు తగినట్లు ఉంటే చాలు. బుల్లెట్‌ను ఎంత లోతున కూర్చాలి, ఏ పౌడరు సరిపడుతుంది అన్నవి మీ చేతిలో ఉంటాయి. 100 గజాల దగ్గర ఈ తేడా చాలామందికి కనిపించదు. 600, 1,000 గజాలకు వెళ్లినప్పుడు తూటాకూ తూటాకూ మధ్య వేగంలో ఉన్న చిన్న వ్యత్యాసం కూడా లక్ష్యంపై పైకీ కిందికీ చెదిరిన గుర్తులుగా బయటపడుతుంది. అక్కడ పోటీపడేవారికి డబ్బు కన్నా ఇదే అసలు కారణం. అయితే 2007లో హార్నడీ కంపెనీ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ వంటి క్యాలిబర్లకు మంచి ఫ్యాక్టరీ మ్యాచ్ తూటాలు సులభంగా దొరుకుతున్నాయి కనుక ఈ కారణం మునుపటంత బలంగా లేదు.

నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చవలసినది మీ స్వభావమూ, మీ ఇల్లూ. .308లో అనుమతించిన గరిష్ఠ సగటు పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఆ బలం మీ ముఖానికి కొన్ని అంగుళాల దూరంలో విడుదలవుతుంది. రైఫిల్ కేసులో పౌడరు పొరపాటున రెండుసార్లు పోస్తే సాధారణంగా పొర్లిపోయి కంటికి కనబడుతుంది. వేగంగా మండే పిస్టల్ పౌడరును రైఫిల్ కేసులో పోస్తే అలా కనబడదు, తుపాకీ పగిలిపోవచ్చు. అందుకే బల్లపై ఎప్పుడూ ఒక్క పౌడరు డబ్బానే ఉంచాలి. ఐఎంఆర్ 4350, హెచ్4350 అన్న రెండు పౌడర్లు, పేర్లు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఒకటి కావు. ఒకదాని కొలతను మరొకదానికి వాడరాదు. ఫోను పక్కన పెట్టి గంటసేపు ఒకే పనిని ఒకే తీరున చేయడం విసుగనిపించేవారు ఈ పనికి దిగకపోవడమే మంచిది. అది లోపమేమీ కాదు, రోజూ చేసే ఇతర పనులలో అదే మనిషి ఎంతో సమర్థుడై ఉండవచ్చు.

ఇంటి సంగతి కూడా చిన్నది కాదు. కాల్చిన ప్రైమర్ల మసిలో, టంబ్లరు ధూళిలో సీసం ఉంటుంది. భోజనాల బల్లపైనా, పిల్లలు పాకే గదిలోనూ ఈ పని చేయకూడదు. అయిన వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పౌడరును దాని అసలు డబ్బాలోనే, వేడికి దూరంగా, తాళం వేసి ఉంచాలి. అమెరికా జాతీయ అగ్నిరక్షణ ప్రమాణం ప్రకారం ఇంట్లో మామూలుగా 20 పౌండ్ల పౌడరు, 10,000 ప్రైమర్లకు మించి నిల్వ చేయకూడదు. మీ నగర నిబంధన ఇంకా తక్కువ ఉండవచ్చు. ఇంట్లో నింపిన తూటాలు వాడితే వారంటీ వర్తించదని చాలా తుపాకీ కంపెనీలు తమ పుస్తకాలలోనే రాస్తాయి. ఇతరులు నింపిన తూటాలను, వారు ఎంత ఆప్తులైనా సరే, మీ రైఫిల్లో కాల్చవద్దు.

ఇంకా తేలకపోతే తొందరపడనక్కరలేదు. ఒక ఏడాదిపాటు ఫ్యాక్టరీవే కొనండి, కానీ బాక్సర్ ప్రైమరు (కేసు అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉండే రకం) ఉన్న ఇత్తడి కేసులవే ఎంచుకోండి. ఉక్కు కేసులూ, మామూలు పరికరాలతో ప్రైమరు తీయడం కష్టమైన బెర్డాన్ రకానివీ ఈ పనికి అనుకూలం కావు. మీ రైఫిల్లో కాలిన కేసులను విడిగా దాచి, నెలకు ఎన్ని కాల్చారో రాసుకోండి. ఏడాది మొత్తం పైన వేసిన పెట్టుబడి లెక్కను దాటితే, గంటకు వందల తూటాలు దించే ప్రోగ్రెసివ్ యంత్రం ఎంత ఊరించినా, ముందు ఒక్కసారికి ఒక్క దశే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్సే కొనండి. బుల్లెట్ లేదా పౌడరు తయారీదారు తాజాగా ప్రచురించిన మాన్యువల్లోని ప్రారంభ కొలతతో, ఒక్కో దశను కంటితో సరిచూసుకుంటూ పది తూటాలు మాత్రమే నింపి రేంజికి వెళ్లండి.