వేటకుక్క ఉన్నట్టుండి తేడాగా చేస్తుంటే ముందు ఏం చూడాలి

పోయిన వర్షాకాలం మా చీతాగాడు, మూడేళ్ల ముధోల్ హౌండ్, పొద్దున్నే ఫ్రిజ్ పక్క సందులో దూరి గోడకేసి మొహం పెట్టి నిలబడ్డాడు, పిలిస్తే రాడు, మా అమ్మ జొన్నరొట్టె ముక్క పట్టుకుని దగ్గరికి పోతే పళ్లు చూపించి గుర్రుమన్నాడు. అమ్మంటే ప్రాణం ఇచ్చేటోడు. కింద ఫ్లోర్ అంకుల్ వచ్చి "పిచ్చి లేసినట్టుందిరా, జీహెచ్‌ఎంసీ వాళ్లకు ఫోన్ కొట్టు" అన్నాడు, అమ్మేమో ఉప్పు మిరపకాయలతో దిష్టి తీసింది, నేను యూట్యూబ్‌లో పడ్డా. ఆ అరగంటలో ముగ్గురిలో ఒక్కరం కూడా వాడి పెదవి ఎత్తి చూడలేదు. చివరికి చూస్తే చిగుళ్లు రోజూ ఉండే గులాబీ రంగులో లేవు, నీళ్లలో నానిన కాగితంలా తెల్లగా ఉన్నాయి. జ్వరం 104.8. అది పిచ్చి కాదు, పిడుదుల జ్వరం.

ఇంట్లో ముధోల్, రాజపాళయం, చిప్పిపారై, బీగిల్, లాబ్రడార్ లాంటివి ఉన్నోళ్ల కోసం ఇది రాస్తున్నా. (మన నిర్మల్ దిక్కు ముధోల్ కాదండోయ్, కర్ణాటక బాగల్‌కోట్ జిల్లాలో ఉన్న ముధోల్.) వేటజాతి అన్నా కదా అని కుందేళ్ల మీదికి వదలకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం. మనం చేసేదల్లా ఊరి బయట పరిగెత్తించడమే, కానీ జబ్బులు తగులుకునేది కూడా అక్కడే.

ముందు మీ సేఫ్టీ. కుక్క గుణం ఒక్కసారిగా మారిందంటే రేబిస్ వ్యాక్సిన్ కార్డు తీసి డేట్ చూడండి. వ్యాక్సిన్ దాటిపోయి, ఈమధ్య వీధికుక్కలతో కొట్లాడి ఉండి, ఇప్పుడు గొంతు మారడం, చొంగ కారడం, కింది దవడ వేలాడటం, నీళ్లు మింగలేకపోవడం కనిపిస్తే గదిలో పెట్టి గడియ వేసి డాక్టర్‌కు ఫోన్ చేయండి. గొంతులో బొక్క ఇరుక్కుందేమో అని నోట్లో చెయ్యి పెట్టేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ పని మాత్రం అస్సలు వద్దు. పన్ను గీరినా, పుండు మీద చొంగ పడినా సబ్బు పెట్టి 15 నిమిషాలు ధారగా నీళ్ల కింద కడిగి, కుక్క సంగతి తేలేదాకా ఆగకుండా అదేరోజు మనుషుల వ్యాక్సిన్‌కు పోండి, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎంలో (ప్రభుత్వ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ) వేస్తారు.

ఆ అనుమానం లేకపోతే పెదవి పైకెత్తి చిగురు చూడండి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి 2 సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. నల్ల చిగుళ్ల కుక్కయితే కింది కనురెప్ప లాగి లోపల చూడండి. తర్వాత డిజిటల్ థర్మామీటర్‌కు జర వాజెలిన్ రాసి తోక కింద మలద్వారంలో పెట్టండి, ముక్కు పట్టుకుని చూసి వేడిగుంది చల్లగుంది అనడం లెక్కలోకి రాదు. 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలే, మన లెక్కన జ్వరం అనిపిస్తుంది గానీ కాదు. 104 దాటితే ఆగొద్దు. ఇంకోటి, తూలడం గానీ ఫిట్స్ గానీ వస్తుంటే 30 సెకన్లు వీడియో తీసి పెట్టుకోండి, క్లినిక్‌కు పోయాక టేబుల్ మీద ఏం ఎరగనట్టు కూర్చుంటాయి.

పిడుదుల సంగతి జర వివరంగా చెప్తా, మా దిక్కు గోమార్లు అంటాం. చీతాను వారం పది రోజుల ముందు హిమాయత్‌సాగర్ పక్కన గడ్డిలో పరిగెత్తించినం, ఇంటికొచ్చాక ఒళ్లంతా తడిమి ఏం లేవు అనుకున్నా. వేళ్ల సందుల్లో, చెవి మడతల్లో, కాలర్ కింద చూడలేదు, నాలుగు అక్కడే ఉన్నాయి. ఎర్లీకియా (పిడుదు కుడితే ఎక్కే సూక్ష్మజీవి జబ్బు) కుట్టిన రోజే బయటపడదు, 8 నుంచి 20 రోజులు పడుతుంది, అందుకే డాక్టర్ అడిగితే నిన్న ఏం జరిగింది అని కాకుండా మూడు వారాలు వెనక్కి పోయి చెప్పండి. తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, మూత్రం కోలా రంగులో రావడం (ఇది ఎక్కువగా బబేసియా అనే ఇంకో పిడుదుల జబ్బులో), ముట్టుకుంటే చిరాకు, ఇవన్నీ అటువైపు చూపిస్తాయి. మేం మొదట పోయిన క్లినిక్‌లో వేడి చేసిందని ఒక సూది వేసి పంపించారు, రక్తం తీయలేదు, రెండ్రోజులు అట్లనే పోయినయ్. మీరు మాత్రం సీబీపీ (రక్తకణాల లెక్క), బ్లడ్ స్మియర్ (రక్తం చుక్కను మైక్రోస్కోప్ కింద చూడటం) చేయమని నోరు తెరిచి అడగండి, ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో అక్కడే తెలుస్తుంది. డాక్సీసైక్లిన్ రాస్తే మామూలుగా 28 రోజులు వాడమంటారు, పదో రోజుకే లేచి బిర్యానీ బొక్కల కోసం తిరుగుతాడు, తగ్గింది కదా అని ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. పిడుదును ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా గుంజి స్పిరిట్‌లో వేయండి, గోళ్లతో నలపొద్దు, కిరోసిన్ పోయొద్దు. ఈ రకం పిడుదు గోడ పగుళ్లలో, మంచం కింద కూడా బతుకుతుంది కాబట్టి కుక్కకు మందేసి ఇల్లు వదిలేస్తే సగం పనే అయినట్టు.

పరుగు మధ్యలో పడిపోతే అది వేరే కథ. ఏప్రిల్ మే ఎండల్లో ఆగకుండా రొప్పుతూ, చిగుళ్లు ఎర్రగా కందిపోయి తూలితే వడదెబ్బ, ముందు ఒళ్లంతా నీళ్లు పోసి గాలి తగలనిచ్చి ఆ తర్వాతే కారెక్కించండి, తడి టవల్ కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది, 103కి దిగాక నీళ్లు ఆపేయండి. సన్నగా ఉండే కుక్క ఖాళీ కడుపుతో గంటలు గంటలు పరిగెత్తాక వణుకుతూ చూపు నిలిపేస్తే షుగర్ పడిపోయి ఉండొచ్చు, కొద్దిగా తేనె చిగుళ్లకు రాసి ఆస్పత్రికి తీసుకెళ్లండి, స్పృహ లేనప్పుడు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లాబ్రడార్ 5 నుంచి 15 నిమిషాలు గట్టిగా బంతి ఆట ఆడాక వెనక కాళ్లు ఈడుస్తుంటే మాత్రం అది పుట్టుకతో వచ్చే జీన్ లోపం కావొచ్చు, డీఎన్‌ఎమ్1 అని టెస్ట్ ఉంది, ఆట అక్కడే ఆపండి.

ఛాతీ లోతుగా ఉండే కుక్కలకు ఇంకో గండం, కడుపు మెలిపడటం. వాంతి చేయబోతుంది, నురగ తప్ప ఏం రాదు, పొట్ట డప్పులా బిగుసుకుంటుంది, ఎటు తిరిగినా నిలకడ ఉండదు. రాత్రి రెండైనా సరే ఆస్పత్రికి ఉరకాల్సిందే, ఈనో గీనో పోస్తూ కూర్చోవద్దు.

తోక ఒక్కసారి తాడులా వేలాడితే ఈత కొట్టాకో ఎక్కువ పరిగెత్తాకో కండరం పట్టేసినట్టు, నొప్పి ఉంటుంది గానీ కొన్ని రోజుల్లో తగ్గుతుంది. తల ఒకే పక్కకు విదిలిస్తుంటే చెవిలో ముళ్లగడ్డి గింజ ఇరుక్కుందేమో డాక్టర్‌కు చూపించండి. మొహం వాచి రక్తం ఆగకపోతే రక్తపింజర పాము కాటు అనుకుని, కట్లు కట్టకుండా పసరు పోయకుండా నేరుగా తీసుకుపోండి. కుండీల్లో ఆముదం పిండి ఎరువు వేస్తే కుక్కకు అందకుండా పెట్టండి, వాసనకు తింటుంది, అది విషం. మెడికల్ షాప్ వాడు ఇచ్చే పారాసిటమాల్, బ్రూఫెన్ ఇంట్లో ఎవరన్నా వేస్తామంటే లొల్లి పెట్టయినా ఆపండి.

చివరగా ముధోల్ లాంటి సన్న నడుం హౌండ్లు ఉన్నోళ్లకు. గ్రేహౌండ్లలో ఎర్రకణాలు మిగతా కుక్కలకన్నా ఎక్కువ, ప్లేట్‌లెట్లు, థైరాయిడ్ టీ4 తక్కువ ఉండటం మామూలే, మత్తు మందుల్లో థయోపెంటాల్ లాంటివి వాటికి తొందరగా దిగవు. మీవాడిది ఏ హౌండో డాక్టర్‌కు ముందే చెప్పండి, మత్తు ఇచ్చే ముందైతే ఇంకోసారి చెప్పండి. వాడు హుషారుగా ఉన్నప్పుడే ఒక సీబీపీ చేయించి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. చీతాది నాకు అప్పుడు లేకుండె, డాక్టర్ "దీనికి మామూలుగా ఎంతుంటుంది" అని అడిగితే బిక్కమొహం వేసిన.