చిన్న కంప్యూటర్ బోర్డు కొనేముందు సాంకేతిక పత్రాలు రాబట్టుకోవడం ఎలా

తిరుపతి, చిత్తూరు కళాశాలల్లో చదువుకుంటూ తీరిక వేళల్లో సొంతంగా ప్రోగ్రాములు రాసుకునేవారు చిన్న కంప్యూటర్ బోర్డు కొనేటప్పుడు ధర, వేగం, మెమరీ చూసి ఊరుకుంటారు. వాటికంటే ముందు చూడవలసింది, ఆ యంత్రం గురించి తయారీదారు ఏమేం రాసి ఇచ్చాడన్నది. డబ్బు తీసుకుని యంత్రం అమ్మినవారు దానిని నడిపించే వివరాలు కూడా కొన్నవారికి ఇచ్చి తీరాలని నా దృఢమైన అభిప్రాయం.

1982లో వచ్చిన కమడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌లో 53280 అనే మెమరీ చిరునామాలో సున్నా రాస్తే తెర చుట్టూ ఉన్న అంచు నల్లబడుతుంది. 53281లో రాస్తే లోపలి భాగం రంగు మారుతుంది. ఎవరూ చెప్పకపోతే ఈ అంకెలు ఎంతటి తెలివైనవారి ఊహకూ అందవు. ఆ సంస్థ ప్రోగ్రామర్ల కోసం వేసిన పుస్తకంలో ఇవి ఉన్నాయి, సర్క్యూట్ పటమూ ఉంది. ఐబీఎం అయితే 1981 నాటి తన పీసీ సాంకేతిక గ్రంథంలో యంత్రం ఆన్ చేయగానే మొదట నడిచే బయాస్ ప్రోగ్రామునే అచ్చువేసింది.

పోటీ సంస్థలు నకలు తీస్తాయన్నది తయారీదారుల అభ్యంతరం. ఐబీఎం పీసీకి దీటైన యంత్రాలు వేరే సంస్థల నుంచి వచ్చిన మాట నిజమే కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే మనకు కావలసింది చిప్ లోపలి రూపకల్పన కాదు. రిజిస్టర్ల (చిప్‌ను నడిపించడానికి విలువలు రాసే స్థానాల) చిరునామాలు, వాటిలో ఒక్కొక్క బిట్ చేసే పని, సంకేతాల మధ్య ఉండవలసిన వ్యవధి, ఇప్పటికే బయటపడిన లోపాల పట్టిక ఉంటే చాలు. ఇవి దాచినందువల్ల కొన్నవారి చేతులు కట్టేసినట్టే అవుతుంది.

అందుకని కొనేముందే తయారీదారు వెబ్‌సైట్‌లో డేటాషీట్ (చిప్ సాంకేతిక వివరాల పత్రం), సర్క్యూట్ పటం, లోపాల పట్టిక ఉన్నాయేమో వెతకండి. దొరకకపోతే వారికి రాయండి. “పత్రాలన్నీ పంపండి” అంటే జవాబు రావడం కష్టం. బోర్డు నమూనా పేరు, దానిపై ముద్రించిన వెర్షన్, చిప్ మీది అంకెలు రాసి, ఏ భాగాన్ని నడపడానికి ఏ వివరం కావాలో ఒక్కటే స్పష్టంగా అడగండి. గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టమంటే, ఆ తర్వాత మీ కోడ్‌ను నలుగురితో పంచుకోవడానికి వీలుంటుందో లేదో చదివి చూడకుండా పెట్టకండి.

పత్రం చేతికి వచ్చాక మొదటి పేజీ నుంచి చదవనక్కరలేదు. 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డులోని చిప్ డేటాషీట్ ఆరువందల పేజీలు దాటుతుంది. బోర్డు మీది చిన్న దీపం వెలిగించడమనే ఒక్క పనితో మొదలుపెట్టి, దానికి అవసరమైన పుటలే చదవండి. పికోలో ఆ దీపం చిప్ 25వ జీపీఐఓకు, అంటే ప్రోగ్రాముతో అదుపు చేయగల పిన్‌కు, కలిపి ఉంటుంది. 2022లో వచ్చిన పికో డబ్ల్యూలో వైర్‌లెస్ చిప్‌కు కలిపారు కనుక పాత ప్రోగ్రాము అందులో దీపాన్ని వెలిగించదు. బోర్డులు చూడటానికి దగ్గరగానే ఉన్నా, ఈ తేడా పత్రంలో స్పష్టంగా ఉంటుంది.

రిజిస్టర్ల పట్టికలున్న పుటలను దగ్గరలోని జెరాక్స్ షాపులో అచ్చు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకోండి. పూర్తి ఫైలును కూడా మీ దగ్గరే దాచుకుని, పత్రం వెర్షన్‌నూ తేదీనీ పేరులోనే చేర్చండి. సవరించిన ప్రతి వచ్చినప్పుడు ఏ పుట మారిందో పోల్చుకోవడానికి పాతది కావలసి వస్తుంది.