విదేశీ ఆర్డర్లు ఆగి పని పోయిందా? రాజీనామా కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి

2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుల్లో చాలావాటి మీద అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు, హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్ల, బాలానగర్, పాశమైలారం వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు ఒకటే టెన్షన్: ఆర్డర్లు ఆగితే మన సంగతేంటి? అమెరికాలో అయితే దిగుమతుల దెబ్బకు పని పోయినవాళ్ల కోసం 1974 నాటి వాణిజ్య చట్టం కింద ప్రత్యేకంగా ఒక పథకం ఉండేది, 2022 జులై నుంచి అక్కడ కూడా కొత్త దరఖాస్తులకు ఆమోదం ఆగిపోయింది. మన దగ్గర విదేశీ వ్యాపారం వల్ల నష్టపోయిన కార్మికులకంటూ అలాంటి పథకం లేదు. మనకు రావాల్సింది ఈఎస్ఐ (కార్మికుల బీమా) నుంచి, పీఎఫ్ నుంచి, కంపెనీ నుంచి రావాలి. ఇందులో చాలా భాగం మీ పని ఎలా పోయిందని కాగితం మీద రాశారో దాన్ని బట్టే ఉంటుంది.

అందుకే ముందు ఈ మాట. హెచ్ఆర్ వాళ్లు పిలిచి, టైప్ చేసి పెట్టిన కాగితం ముందుకు జరిపి, "సెటిల్మెంట్ తొందరగా అవుతుంది, సంతకం పెట్టు" అంటారు. అందులో "వ్యక్తిగత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను" అని ఉంటే పెట్టకండి. మానేసింది మీరు కాదు, తీసేసింది వాళ్లు. ఆ ఒక్క వాక్యంతో తొలగింపు పరిహారం పోతుంది, ఈఎస్ఐ భృతికీ అడ్డం పడుతుంది. తొలగిస్తున్నట్టు లెటర్ అడగండి. ఇవ్వకపోతే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో అయినా అడిగినట్టు రుజువు ఉంచుకోండి.

ఈఎస్ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది. కనీసం రెండేళ్లు బీమాలో ఉండాలి. పని పోవడానికి ముందటి చందా కాలంలో (ఏప్రిల్-సెప్టెంబర్, అక్టోబర్-మార్చి అని లెక్క) 78 రోజులకు చందా కట్టి ఉండాలి, అంతకుముందు మూడు కాలాల్లో ఏదో ఒకదాంట్లో ఇంకో 78 రోజులు ఉండాలి. అప్పుడు సగటు రోజు కూలీలో సగం, 90 రోజుల వరకు ఇస్తారు. రోజుకు 600 పడేవాళ్లకు మొత్తం 27,000. జీవితంలో ఒక్కసారే. పని పోయి 30 రోజులు దాటాక దరఖాస్తు చేయాలి, దీనికి కంపెనీ సంతకం అక్కర్లేదు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కుతో మీ ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు నేరుగా వెళ్లొచ్చు. గడువు పొడిగిస్తూ వస్తున్న పథకం కాబట్టి ఇప్పుడు నడుస్తోందో లేదో అక్కడే అడగండి. అదే ఆఫీసులో రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన గురించి కూడా అడగండి, ఎందుకంటే ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం తొలగించినా భృతితో పాటు కుటుంబానికి వైద్యం కూడా అందులో ఉంటుంది. ఇంట్లో షుగరో బీపీయో ఉన్నవాళ్లుంటే ఇది చిన్న విషయం కాదు.

కంపెనీ నుంచి రావాల్సినవి వేరే. ఏడాది నిండిన కార్మికుడిని తీసేస్తే నెల నోటీసు గానీ నెల జీతం గానీ (300 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ఫ్యాక్టరీలో అయితే మూడు నెలలు), దాంతోపాటు పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం ఇవ్వాలి. ఎనిమిదేళ్లంటే 120 రోజులు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ ప్రకారం నైపుణ్య నిధి కింద ఇంకో 15 రోజుల జీతం 45 రోజుల్లో మీ ఖాతాలో పడాలి. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ అదనం: బేసిక్, డీఏ కలిపి 18,000 అయితే ఎనిమిదేళ్లకు సుమారు 83,000. తీసేయకుండా కొన్నాళ్లు రావద్దన్నారనుకోండి, అది లే-ఆఫ్. 50 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ఫ్యాక్టరీలో ఏడాది నిండినవాళ్లకు ఆ రోజులకు బేసిక్, డీఏలో సగం రావాలి.

ఇవేవీ ఇవ్వకపోతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ ఉంది, కార్మిక శాఖ ఆఫీసు అక్కడే. లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. కాంట్రాక్టర్ కింద పనిచేసినవాళ్లు పని ఉండగానే పేస్లిప్పులు, ఈఎస్ఐ నంబరు, యూఏఎన్ (పీఎఫ్ నంబరు) ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి, గేటు పాస్ ఆగిపోయాక అవి అడిగినా ఎవరూ ఇవ్వరు.